830 ఎస్ ముద్ర ఉన్న వెండి కల్తీనా? పాత స్కాండినేవియన్ వెండి నగలు కొనడం మొదలుపెట్టేవాళ్లకు నా సమాధానం

ముందు మీ మొదటి ప్రశ్నకు జవాబు: అది కల్తీ వెండి కాదు. స్వీడన్‌లోని మాల్మోలో, పాత సామాన్ల సంతలో మీకు ఒక బ్రోచ్ దొరికింది. ఆకులు, మొగ్గలు, మధ్యలో ఆకుపచ్చ రాయి. వెనక 830 ఎస్ అని ఒక ముద్ర, పక్కన అరిగిపోయిన రెండు అక్షరాలు. సెలవులకు హైదరాబాద్ వెళ్లినప్పుడు చూపిస్తే కంసాలి "మేలిమి వెండి కాదమ్మా, నల్లబడిపోయింది, మెరుగు పెట్టి కొత్త పిన్ను వేసి ఇస్తాను" అన్నాడు. నెలకు కొంత డబ్బు పక్కన పెట్టి ఇలాంటివి సేకరించాలని ఉంది, ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు. దయచేసి ఆ బ్రోచ్‌ను మెరుగుకు ఇవ్వకండి, పిన్ను మార్పించకండి. మిగతాదంతా తర్వాత, ముందు ఈ రెండూ ఆపండి.

830 అంటే వెయ్యి పాళ్లలో 830 పాళ్లు వెండి, మిగిలిన 170లో ఎక్కువగా రాగి. ఎస్ అంటే వెండి అని గుర్తు. స్కాండినేవియా దేశాల్లో చాలాకాలం వెండిపని ఇంచుమించు ఈ మేలిమిలోనే నడిచింది. పాత డేనిష్ వస్తువుల మీద 826 కూడా కనిపిస్తుంది. ఫిన్లాండ్‌లో 813 హెచ్, 830 హెచ్, 916 హెచ్ అని ఉంటాయి, అక్కడ వెండిని హోపియా అంటారు కాబట్టి ఎస్ బదులు హెచ్ వేస్తారు. ఇంగ్లండ్, అమెరికా మార్కెట్లకు పంపడం పెరిగాక 925 వాడకం ఎక్కువైంది. మీ కంసాలి గారు చెప్పింది ఆయన లెక్కలో తప్పేమీ కాదు. ఆయన దగ్గరికి వచ్చే వెండికి తూకం, మేలిమి, తరుగు, మజూరీ, ఈ నాలుగే లెక్క. పది గ్రాముల నగలో 830కీ 925కీ మధ్య వెండి తేడా ఒక గ్రాము లోపే ఉంటుంది. ఆ గ్రాము కోసం పాత నగల మార్కెట్లో ఎవరూ ధర తగ్గించరు, పెంచరు. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, చేసినది చేసినట్టే ఉందా, ధర వీటి మీద నడుస్తుంది. ఈ మూడింటికీ జవాబు నగ వెనక వైపున ఉంటుంది. అందుకే కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా నేను చెప్పేది ఒకటే: త్రాసు పక్కన పెట్టి, పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి. నగను ముందు తిరగేసి చూడండి. నచ్చిందా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

వెనక ఏం చూడాలి? దేశం, మేలిమి, చేసినవారి గుర్తు, వీలుంటే సంవత్సరం. స్వీడన్ ఈ విషయంలో మనకు పెద్ద వరం. అక్కడ వెండి మీద మూడు కిరీటాలున్న మూడు రేకుల ముద్ర ఉంటుంది, దీన్ని అక్కడివాళ్లు పిల్లి పాదం అంటారు. పక్కన ఆరు భుజాల గడిలో ఎస్ అక్షరం, ఊరి గుర్తు, చేసినవారి గుర్తు, ఆపైన ఒక అక్షరం ఒక అంకె. ఆ అక్షరం, అంకె కలిస్తే సంవత్సరం. 1759లో ఏతో మొదలైంది. ఒక్కో వరసకు 24 అక్షరాలు, జే, డబ్ల్యూ ఉండవు. వరస అయిపోగానే అంకె ఒకటి పెరుగుతుంది. ఏ8 అంటే 1927, ఏ9 అంటే 1951, ఎన్9 అంటే 1963, జెడ్9 అంటే 1974. భూతద్దం కింద ఇది ఒక్కసారి చదవగలిగితే అమ్మేవాళ్లు "మా అమ్మమ్మది, వందేళ్ల నాటిది" అని ఎంత చెప్పినా మీకు టెన్షన్ ఉండదు.

ఫిన్లాండ్‌లోనూ ఇలాంటి పద్ధతే, కానీ లెక్క వేరు. అక్కడ వరస 1810లో మొదలైంది. అందుకని ఏ7 అన్న ముద్ర స్వీడిష్ నగ మీద ఉంటే 1903, ఫిన్నిష్ నగ మీద ఉంటే 1954. యాభై ఏళ్ల తేడా! అమ్మేవాళ్లే ఈ రెండూ కలిపేసి ఆన్‌లైన్‌లో పెట్టడం నేను తరచూ చూస్తుంటాను. ముందు దేశం తేల్చుకోండి: మూడు కిరీటాలుంటే స్వీడన్, హృదయాకారంలో కిరీటం ఉంటే ఫిన్లాండ్. డెన్మార్క్‌లో కోపెన్‌హేగెన్ పరీక్షశాల ముద్ర మూడు బురుజులు, వాటి కింద సంవత్సరపు చివరి రెండు అంకెలు. పక్కన పరీక్షాధికారి గుర్తు ఉంటుంది. 1904 నుంచి 1932 వరకు హైసే, 1932 నుంచి 1960 వరకు సిగార్డ్. కాకపోతే చిన్న నగల మీద ఈ బురుజులు చాలాసార్లు ఉండవు, మేలిమి అంకె, చేసినవారి గుర్తు మాత్రమే ఉంటాయి. నార్వేలో సంవత్సరపు అక్షరాలు లేవు, చేసినవారి గుర్తే ఆధారం. వెనక ఏఎల్‌పీ, ఎన్‌ఎస్, ఈపీఎన్‌ఎస్ అని ఉంటే అది జర్మన్ సిల్వరో వెండి పూతో, పక్కన పెట్టేయండి.

ఇక మీ బ్రోచ్. మీరు చెప్పిన గుర్తులన్నీ చూస్తే అది 1900 నుంచి 1920ల వరకు డెన్మార్క్‌లో నడిచిన స్కోన్‌వియర్కె పద్ధతిలోది అయ్యే అవకాశం ఎక్కువ. యంత్రాలు చేసిన ఒకేరకం సరుకుకు ఎదురుగా, చేతి పని కనబడేలా నగ చెయ్యాలన్నది ఆ కాలపు పట్టుదల. పల్చటి వెండి రేకును వెనక నుంచి కొట్టి ఉబ్బెత్తుగా తెచ్చేవాళ్లు. సుత్తి దెబ్బల గుర్తులు పైన కావాలనే వదిలేసేవాళ్లు. ఆకుల మధ్య, గుంటల్లో నలుపు కూడా వాళ్లు పట్టించిందే. ఆ నలుపు వల్లనే ఆకు ఆకుగా, మొగ్గ మొగ్గగా విడిగా కనిపిస్తుంది. మెరుగు చక్రం మీద పెడితే ఆ నలుపు పోతుంది, సుత్తి గుర్తులు పోతాయి, వెనక అరిగిన ఆ రెండు అక్షరాలు పూర్తిగా పోతాయి. అప్పుడు అది పది గ్రాముల వెండి మాత్రమే. వజ్రాలు, కెంపులు వాళ్లు పెద్దగా వాడలేదు. పచ్చరంగు అగేటు, చంద్రకాంతం, కార్నీలియన్, లాజవర్దం, అంబర్ లాంటి రాళ్లు వాడారు. రాయి ఖరీదు కాదని బ్రోచ్‌ని తక్కువ చేయకండి, వాళ్లకు రంగు కావాలి, అంతే.

ఈ కాలం నుంచే డేనిష్ వెండి కళాకారుడు జార్జ్ జెన్సెన్ వచ్చాడు. 1866లో కోపెన్‌హేగెన్ దగ్గర రాడ్‌వాడ్‌లో, కత్తులు సాన పట్టే కార్మికుడి ఇంట్లో పుట్టాడు. కంసాలి పని నేర్చుకుని, తర్వాత శిల్పం చదివి, శిల్పిగా బతుకు గడవక మళ్లీ వెండి దగ్గరికి వచ్చాడు. 1904లో బ్రెడ్‌గేడ్ వీధిలో చిన్న కార్ఖానా పెట్టాడు, మొదట్లో అమ్మినవి ఎక్కువగా నగలే. 1935లో చనిపోయాడు. కానీ సంస్థ ఆయనతో ఆగలేదు, ఇతర కళాకారుల చేత గీయించి వాళ్ల పేరుకు గౌరవం ఇచ్చింది. నా లెక్కలో అసలు గొప్పతనం అక్కడుంది. ఆర్నో మాలినోవ్‌స్కీ 1930ల్లో చేసిన జింకలు, డాల్ఫిన్ల బ్రోచ్‌లు, 1945 తర్వాత హెన్నింగ్ కోపెల్ చేసిన, ఎముకల్లా నీటి జీవుల్లా వంపులు తిరిగే గొలుసులు, 1950ల నుంచి నానా డిట్జెల్ చేసిన నున్నటి కంకణాలు, ఈ మూడూ ఒకే కార్ఖానాలో నుంచి వచ్చాయంటే నమ్మబుద్ధి కాదు. కోపెల్ పని ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడండి. ఏ వేలంపాట సంస్థలోనైనా వేలానికి ముందు ప్రదర్శన పెడతారు, అడిగితే చేతికిస్తారు. వెనక వైపు కూడా ముందు వైపు అంత శ్రద్ధగా నునుపు చేసి ఉంటుంది.

జెన్సెన్ పేరున్న వాటిలోనే మోసం ఎక్కువ, అందుకని ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను. చుక్కల అండాకారంలో జార్జ్ జెన్సెన్ అని ఉండే ముద్ర 1945 తర్వాతది. అదే ముద్ర ఇప్పుడూ వాడుతున్నారు. పాత నమూనాలు చాలావాటిని సంస్థ ఇప్పటికీ తయారు చేస్తోంది కాబట్టి నమూనా సంఖ్య కలిసినంత మాత్రాన నగ పాతది అయిపోదు. రెండో విషయం, యుద్ధకాలంలో డెన్మార్క్ నుంచి సరుకు రాక న్యూయార్క్ దుకాణం అమెరికా కళాకారుల చేత సొంతంగా నగలు చేయించి అమ్మింది. వాటి మీద జార్జ్ జెన్సెన్ ఇంక్ యూఎస్ఏ అని ఉంటుంది. అవి నకిలీవి కావు, కొన్ని చాలా బాగుంటాయి, కానీ డేనిష్ ధర పెట్టి కొనకండి. ఇక అసలైన నకిలీలు: పాత నగకు అచ్చు తీసి పోత పోస్తారు. కరిగిన లోహం చల్లారాక కుంచించుకుపోతుంది కాబట్టి నకలు అసలు దానికన్నా కాస్త చిన్నదవుతుంది. ఆకు ఈనెలు, పక్షి కన్ను లాంటి సన్నటి గీతలు మొద్దుబారతాయి. ముద్ర కూడా పోతలోనే వస్తుంది. ఉలితో కొట్టిన ముద్ర అంచు పదునుగా, లోపల అడుగు నున్నగా ఉంటుంది, పోతలో వచ్చిన ముద్ర అంచు గుండ్రంగా, అడుగు ఇసక పోసినట్టు గరుకుగా ఉంటుంది. భూతద్దం ఉంటే ఈ తేడా పట్టడానికి నిమిషం చాలు. ఫొటోలో మాత్రం పట్టలేరు. అందుకే ఆన్‌లైన్‌లో వెనక వైపు దగ్గరి ఫొటో పంపనివాళ్ల దగ్గర నేను కొనను.

పిన్ను సంగతి కూడా వెనక వైపుదే. అసలు పిన్ను, అసలు కొక్కెం ఉంటే నగ విలువ నిలబడుతుంది. బూడిద రంగులో ముద్దగా తగరం టంకం కనిపిస్తే ఎవరో తర్వాత అతికించారని అర్థం. వెండికి వెండి టంకమే పెట్టాలి. తగరం టంకం మీద తర్వాత వేడి తగిలితే అది చుట్టూ ఉన్న వెండిని తినేస్తుంది, బాగు చేయడం చాలా కష్టం. మీ పిన్ను వంగి ఉంటే వంగినట్టే వదిలేయండి. ఇంకో మాట, ఆ కాలపు పిన్నులు లావుగా ఉంటాయి, ఉన్ని కోట్ల కోసం చేసినవి. పట్టుచీర పైటకు గుచ్చితే బొక్క పడుతుంది. శాలువాకో, దళసరి ఖద్దరు జాకెట్టుకో పెట్టుకోండి.

నార్వే గురించి అడగలేదు కానీ మీరున్న చోట సంతల్లో బాగా దొరికేవి ఇవే. ఆకులు, సీతాకోకచిలుకలు, పువ్వులు, మీద మెరిసే రంగు ఎనామెల్. 1876లో మొదలైన డేవిడ్-ఆండర్సన్, ఇంకా పాత తూస్ట్రుప్, అక్సెల్ హోల్మ్‌సెన్, ఐవర్ హోల్ట్, ఇలా చాలామంది చేశారు. వెండి మీద యంత్రంతో సన్నని అలల గీతలు చెక్కి, దాని మీద పారదర్శకమైన రంగు గాజును కరిగించి పరుస్తారు. నగ అటూ ఇటూ తిప్పితే రంగు లోపల గీతలు కదిలినట్టు మెరుస్తాయి. చాలావాటికి వెండి మీద బంగారు పూత కూడా ఉంటుంది. కొనేటప్పుడు దీపాన్ని పక్క నుంచి పట్టి చూడండి. వెంట్రుక వాసి పగుళ్లు, అంచుల్లో పెచ్చులు అప్పుడే బయటపడతాయి. పెచ్చు ఊడిన చోట కొందరు రంగు రెజిన్ నింపేస్తారు, దానికి లోపలి గీతల మెరుపు ఉండదు. పెచ్చు ఊడిన ఎనామెల్‌ను మళ్లీ కాల్చి అసలు రంగుకు తేవడం దాదాపు జరగని పని, కాబట్టి ఎంత చవకగా ఇచ్చినా వద్దు. అల్ట్రాసోనిక్ యంత్రంలో ఎప్పుడూ వేయకండి. నార్వే కళాకారిణి గ్రెటె ప్రిట్జ్ కిట్టెల్‌సెన్ ఎనామెల్ నగలు, 1958లో ఫ్రెడ్రిక్‌స్టాడ్‌లో మొదలైన ప్లుస్ అనే చేతిపనుల కేంద్రంలో టోనే వీగెలాన్ లాంటివాళ్లు చేసిన నగలు ఇంకో లోకం. వాటిని తర్వాత నింపాదిగా చదువుకోండి.

స్వీడన్‌లో నాకు ప్రాణం లుండ్ ఊరి వీవెన్ నిల్సన్. స్ఫటికం, నల్ల ఓనిక్స్, తిన్నటి గీతల్లో వెండి, అంతే. మాల్మో నుంచి రైలెక్కితే లుండ్ పావుగంట కూడా పట్టదు, కానీ ఆయన నగలు మొదటి ఏడాది కొనగలిగే ధరలో ఉండవు. మాల్మోలోనే 1927లో పుట్టిన వివియానా తోరున్ బ్యూలో-హ్యూబె గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు సముద్రపు ఒడ్డున ఏరిన గులకరాళ్లను వెండి తీగల్లో కట్టింది. ధనం చూపించుకోవడానికి నగ వేసుకునే అలవాటు మీద ఆమెకు కోపం. అంకెలు లేని అద్దం లాంటి ముఖంతో, రెండు కొనలూ కలవని కంకణంగా 1962లో చేసిన చేతి గడియారాన్ని తర్వాత జెన్సెన్ సంస్థ తయారు చేసింది. 1960లో ఆమెకు లున్నింగ్ బహుమతి వచ్చింది. స్కాండినేవియన్ రూపకర్తలకు 1951 నుంచి 1970 వరకు ఇచ్చిన బహుమతి అది, జెన్సెన్ సంస్థ న్యూయార్క్ ప్రతినిధి ఫ్రెడరిక్ లున్నింగ్ పేరు మీద. ఆ జాబితాలో ఉన్న పేర్లు ఒక్కొక్కటీ వెతికి చూడండి, మంచి పాఠం అవుతుంది.

అదే బహుమతి 1968లో అందుకున్న ఫిన్లాండ్ కళాకారుడు బ్యోర్న్ వెక్‌స్ట్రోమ్. లాపోనియా సంస్థకు ఆయన గీసిన వెండి నగలు అప్పుడే గడ్డకట్టిన లావాలా, మంచు కరిగిన నేలలా ఉంటాయి. 1969 నుంచి వెండితో అక్రిలిక్ కూడా కలిపాడు. ఆయన హారం ఒకటి 1977లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో యువరాణి మెడలో కనిపించింది, దాంతో ఆ నమూనా ధర మామూలువాళ్లకు అందకుండా పోయింది. అదే చేతి పని చిన్న ఉంగరాలు, చెవి నగలు ఇంకా అందుబాటులోనే ఉన్నాయి. ఫిన్నిష్ నగల మీద సంవత్సరపు ముద్ర ఉండటం ఇక్కడ బాగా ఉపయోగం, మొదటి ఏళ్లలో చేసినదా తర్వాత చేసినదా అన్నది ఇట్టే తెలుస్తుంది.

మరి మీ బడ్జెట్‌లో దేనితో మొదలుపెట్టాలి? నన్నడిగితే డెన్మార్క్ రాజముద్ర బ్యాడ్జితో. 1940లో జర్మన్ సైన్యం దేశంలో ఉండగా, ఆ సెప్టెంబర్‌లో రాజు పదో క్రిస్టియన్ 70వ పుట్టినరోజుకు మాలినోవ్‌స్కీ గీశాడు. కిరీటం, రాజు పేరులోని అక్షరాలు, ఎరుపు తెలుపు ఎనామెల్. జనం కోటు మీద పెట్టుకుని తిరిగారు, ఆక్రమణలో ఉన్న దేశంలో అదొక నిశ్శబ్దమైన మాట. లక్షల్లో అమ్ముడుపోయాయి కాబట్టి ఇప్పటికీ కొన్ని వందల క్రోనర్లకే దొరుకుతుంది. చరిత్ర ఉంది, మంచి కళాకారుడి పని, ముద్రలు చదవడం సాధన చేయడానికీ బాగుంటుంది. తర్వాత డెన్మార్క్‌లోని మైకెల్సెన్ సంస్థ డెయిజీ పువ్వు బ్రోచ్, అదీ 1940లోనే, రాకుమారి మార్గ్రెథె పుట్టినప్పుడు వచ్చింది. ఆ తర్వాత మీలాంటి 830 ఎస్ స్కోన్‌వియర్కె. నెలకో నగ కొనాలని పెట్టుకోకండి. నాలుగు నెలలు ఆగి ఒక మంచిది కొనడం మేలని నా అభిప్రాయం. సగం విరిగిన పది నగల డబ్బాను చూస్తే మీకే ఆసక్తి పోతుంది.

ఎక్కడ కొనాలంటే, మీకు రెండు దేశాలు చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. సంతలు, మీరోర్నా లాంటి సేవాసంస్థల సెకండ్ హ్యాండ్ దుకాణాలు, ఆన్‌లైన్‌లో ట్రాడెరా, వంతెన దాటితే కోపెన్‌హేగెన్‌లో బ్రూన్ రాస్‌ముసెన్ వేలం. స్టాక్‌హోమ్‌లో బుకోవ్‌స్కిస్ పేరున్న వేలం సంస్థ. వేలంలో పలికిన ధర మీద కొనుగోలుదారుడి రుసుము సుమారు నాలుగో వంతు అదనంగా పడుతుంది, దాన్ని కలుపుకునే మీ పరిమితి పెట్టుకోండి. ఇండియాకు తెచ్చుకునేటప్పుడు రసీదు దగ్గర ఉంచుకుని, ఆ సమయంలో ఉన్న కస్టమ్స్ నిబంధనలు ముందే చూసుకోండి.

శుభ్రం చేయడం గురించి: మనింట్లో వెండి తోమే పద్ధతులన్నీ ఇక్కడ పనికిరావు. చింతపండు, విభూతి, టూత్‌పేస్ట్, వంటసోడా అల్యూమినియం రేకు చిట్కా, సీసాల్లో అమ్మే ముంచే ద్రావణం, అన్నీ గుంటల్లో నలుపును లాగేస్తాయి. గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క మెత్తటి సబ్బు, మెత్తటి నూలు గుడ్డ చాలు. రాయి వెనక మూసి ఉంటే నీళ్లు కూడా వద్దు, పొడి గుడ్డతో తుడవండి. అంబర్ ఉన్నదానికి స్పిరిట్ తగలనివ్వకండి. వార్తాపత్రికలో చుట్టి బీరువాలో పెట్టే అలవాటు మానుకోండి. కాగితంలోని, రబ్బరు బ్యాండ్లలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. ఒక్కో నగ విడిగా జిప్ సంచిలో పెట్టండి, విజయవాడ, వైజాగ్ లాంటి ఉక్క ఊళ్లలో ఉంచితే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. మేలిమి మీద నిజంగా అనుమానం వస్తే గీటురాయి మీద గీయనివ్వకండి, హాల్‌మార్క్ కేంద్రంలో ఎక్స్‌రే యంత్రంతో చూపించుకోండి, గీత పడదు.

వెండి ధర పెరిగినప్పుడల్లా ముద్ర అరిగిన ఇలాంటి చిన్న నగలు బరువుకు అమ్ముడుపోయి కరిగిపోతున్నాయి. నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే పెద్ద పేర్లున్నవి మ్యూజియంలు చూసుకుంటాయి, పేరు తెలియని చిన్న కార్ఖానాల పనిని మీలాంటివాళ్లు కొంటేనే మిగులుతుంది.

మీ బ్రోచ్ మీద ఆ రెండు అక్షరాలను సాయంత్రం ఎండలో, పక్క వెలుతురులో, నాలుగు వైపుల నుంచి ఫొటో తీసి పెట్టండి. ముందు వాటి చుట్టూ గడి ఉందా, ఉంటే గుండ్రమా చతురస్రమా అన్నది చూసి చెప్పండి. మొదటి అక్షరం ఈ అయితే డేనిష్ వెండిపనివాడు ఎవాల్డ్ నీల్సెన్ గుర్తుతో పోల్చి చూద్దాం, బీ అయితే బెర్న్‌హార్డ్ హెర్ట్జ్ అనే డేనిష్ కార్ఖానా గుర్తుతో. రెండూ కాకపోతే పిన్ను బిగించిన చోటు ఫొటో కూడా కావాలి.